ఇంటి గాలి లెక్క ఇంటివాళ్ళకు చెప్పాలి

2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాలు తవ్వే ప్రాజెక్టులకు ఇకమీదట ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని దాని సారాంశం. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలు అని కారణం చూపారు. 2006 నోటిఫికేషన్ ప్రకారమైతే గనికి అనుమతి రావాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రాజెక్టు వచ్చే చోటే సభ పెట్టాలి, కలెక్టరో ఆయన తరఫు అధికారో కూర్చోవాలి, రైతు మైకు పట్టుకుని అడిగిన ప్రతి మాటా కాగితం మీదికి ఎక్కాలి. ఆ సభలు ఎలా జరిగేవో మనకు తెలియనిది కాదు. లాఠీల మధ్య, ఎవరికీ అర్థంకాని ఇంగ్లిషు నివేదికల మీద తూతూమంత్రంగా ముగిసినవే ఎక్కువ. అయినా అడగడానికి ఒక చోటంటూ ఉండేది. యురేనియం విషయంలో ఇప్పుడు ఆ చోటు కూడా తీసేశారు.

ఈ ఉత్తర్వును వెనక్కి తీసుకోవాలన్నది మన డిమాండు. దాని మీద వేరే చెప్పుకోవలసింది చాలా ఉంది. ఈ నెల మాత్రం, ఆ సభల్లో మనం కూడా గట్టిగా అడగకుండా వదిలేసిన ఒక ప్రశ్న గురించి రాస్తున్నాం. ఎకరాకు ఎంతిస్తారని అడిగాం. బోర్లు ఎండితే బాధ్యత ఎవరిదని అడిగాం. ఇంటికో ఉద్యోగం అడిగాం. రాత్రి తలుపు వేసుకుని పడుకున్నాక పిల్లలు పీల్చే గాలిలో ఏముందో ఎవరు కొలుస్తారు, కొలిచిన లెక్క ఎవరికి చెప్తారు అన్నది మాత్రం పెద్దగా అడగలేదు.

ఆ గాలిలో ఉండేది రేడాన్. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. దగ్గు తెప్పించదు, కళ్ళు మండించదు. నేలలో, రాళ్ళలో ఎంతో కొంత యురేనియం అన్నిచోట్లా ఉంటుంది. అది కోట్లాది ఏళ్ళలో తరిగి తరిగి రేడియంగా మారుతుంది. రేడియం నుంచి పుట్టేదే రేడాన్. రాయి రాయిగానే ఉంటుంది గాని రేడాన్ వాయువు కాబట్టి మట్టి సందుల్లోంచి పైకి వస్తుంది. దాని అర్ధాయువు 3.8 రోజులు, అంటే పుట్టిన దాంట్లో సగం నాలుగు రోజుల్లోపే ఇంకో పదార్థంగా మారిపోతుంది. చేలో అయితే గాలి కొట్టుకుపోతుంది, భయం లేదు. ఇల్లు అలా కాదు. గచ్చు పగుళ్ళలోంచి, బండల మధ్య సందుల్లోంచి, గోడ పునాదితో కలిసేచోట నుంచి లోపలికి వచ్చి, తలుపులు కిటికీలు మూసి ఉంటే అక్కడే పేరుకుంటుంది. ఇంట్లో గాలి వేడెక్కి పైకి పోతున్నకొద్దీ కింద నేలలోని గాలిని ఇల్లు తనలోకి లాక్కుంటుంది. అందుకే చలికాలం రాత్రుళ్ళలో, తెల్లవారుజామున రేడాన్ ఎక్కువగా ఉంటుంది.

ఆ వాయువు కన్నా దాని పిల్లలతోనే ప్రమాదం. రేడాన్ తరిగితే పొలోనియం వంటి ఘనపదార్థాలు పుడతాయి. ఇవి దుమ్ముకు, పొగకు అంటుకుని ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తుల గోడలకు పట్టుకుంటాయి. అక్కడ ఆల్ఫా కణాలు వదులుతాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ముక్క ఆపుతుంది, మన చర్మం ఆపుతుంది. ఊపిరితిత్తి లోపల ఆపేందుకు ఏమీ లేదు. ఆ దెబ్బ నేరుగా కణాలకు తగులుతుంది. ఒక్కరోజులో ఏమీ కాదు. ఇరవై, ముప్పై ఏళ్ళు అదే గాలి పీల్చినవాళ్ళలో కొందరికి ఊపిరితిత్తుల కేన్సర్ వస్తుంది. ఇది అనుమానం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే రేడాన్‌ను మనుషులకు కేన్సర్ కలిగించేదిగా తేల్చింది. ఊపిరితిత్తుల కేన్సర్‌కు పొగతాగడం మొదటి కారణమైతే, చాలా దేశాల్లో రెండో కారణం రేడానే. దేశాన్ని బట్టి అలాంటి కేన్సర్లలో 3 నుంచి 14 శాతం దాకా దీనివల్ల వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

లెక్క గురించి ఒక మాట. రేడాన్‌ను బెక్వెరెల్‌లలో కొలుస్తారు. సెకనుకు ఒక అణువు పగిలితే ఒక బెక్వెరెల్. ఒక ఘనపు మీటరు గాలిలో, అంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టెలో పట్టే గాలిలో, 100 బెక్వెరెల్‌లు దాటకుండా చూసుకోవాలని, అది కుదరని దేశాలు కూడా 300 దాటనివ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. ప్రపంచంలో ఇళ్ళ సగటు 40కి అటూఇటూ ఉంటుంది. ఈ మూడు అంకెలు గుర్తుంటే రేపు ఎవరైనా అధికారి కాగితం పట్టుకుని వచ్చి "అంతా పరిమితిలోనే ఉంది" అంటే, ఏ పరిమితి అని అడగవచ్చు.

ప్రమాదం ఎంత? యూరప్‌లో తొమ్మిది దేశాల అధ్యయనాలను కలిపి 2005లో ఒక లెక్క తీశారు. ఏడు వేల మందికి పైగా కేన్సర్ రోగుల ఇళ్ళు, పద్నాలుగు వేల మందికి పైగా ఆ రోగం లేనివాళ్ళ ఇళ్ళు చూశారు. జీవితంలో ఎప్పుడూ పొగ తాగనివాళ్ళు వెయ్యిమందిని తీసుకుంటే, రేడాన్ లేకపోతే 75 ఏళ్ళు వచ్చేలోపు నలుగురు ఊపిరితిత్తుల కేన్సర్‌తో చనిపోతారు. 100 బెక్వెరెల్‌ల ఇంట్లో ఐదుగురు. 400 ఉంటే ఏడుగురు. ఇక పొగ తాగేవాళ్ళు వెయ్యిమంది అయితే అవే అంకెలు 100, 120, 160 అవుతాయి. అంటే చుట్ట, బీడీ, సిగరెట్ తాగే మనిషి ఇంట్లో రేడాన్ ఎక్కువుంటే అది అగ్గికి ఆజ్యం తోడైనట్టే.

ఈ అంకెలను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. గనుల దగ్గర ఎవరికైనా ఊపిరితిత్తుల కేన్సర్ వస్తే మొదట వినిపించే మాట "బీడీలు తాగేవాడు కదా" అన్నది. ఆ మాటతో ఫైలు మూసేయవచ్చు. నిజానికి శాస్త్రం చెప్పేది దానికి తలకిందులు. బీడీ తాగేవాడికి రేడాన్ వల్ల జరిగే అదనపు నష్టం తాగనివాడికి జరిగేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పై లెక్కలోనే చూడండి: 400 బెక్వెరెల్‌ల దగ్గర తాగనివాళ్ళలో ముగ్గురు అదనం, తాగేవాళ్ళలో అరవైమంది అదనం. కాబట్టి బీడీ తాగేవాడి రోగానికి గాలి బాధ్యత తగ్గదు. బీడీ మానమని మనవాళ్ళకు మనమే చెప్పాలి, ఇది వంద శాతం అవసరం. కాని బీడీ పేరు చెప్పి పరిహారం ఎగ్గొట్టే వాదనను ఒప్పుకోకూడదు.

కొలిచి కూడా చెప్పకపోతే ఏం జరుగుతుందో అమెరికాలో జరిగింది. అక్కడి నైరుతి ప్రాంతంలో నవాహో ఆదివాసుల నేలల్లో 1944 నుంచి 1986 దాకా యురేనియం తవ్వారు. గనుల్లో దిగినవాళ్ళలో చాలామంది ఆ ఆదివాసులే. 1950లో ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ గని కార్మికుల మీద అధ్యయనం మొదలుపెట్టింది. రక్తం తీసుకున్నారు, ఎక్స్‌రేలు తీశారు, గనుల్లో గాలి కొలిచారు. ఆ గాలి ప్రాణం తీస్తుందన్న సంగతి మాత్రం కార్మికులకు చెప్పలేదు. యూరప్‌లో ష్నేబెర్గ్ గని కార్మికుల ఊపిరితిత్తుల రోగం కేన్సరేనని అప్పటికి డెబ్బై ఏళ్ళ కిందటే, 1879లోనే వైద్యులు గుర్తించారు. తెలియక కాదు, చెప్పలేదు. దశాబ్దాలు పోరాడాక 1990లో చట్టం వచ్చింది. రోగం వచ్చిన యురేనియం గని కార్మికుడికి లక్ష డాలర్ల పరిహారం, ప్రభుత్వం తరఫున క్షమాపణ. అప్పటికి ఎందరో వితంతువులు మిగిలారు. ఆ గనుల దగ్గర పడి ఉన్న రాళ్ళను తెచ్చి గోడలు కట్టుకున్న, గచ్చు పోసుకున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. ఊరికే దొరికే రాయి ఎవరు వద్దంటారు? మన ఊళ్ళో అయినా అంతే.

కొలరాడో రాష్ట్రంలోని గ్రాండ్ జంక్షన్ అనే పట్టణంలో ఇది ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. యురేనియం తీసేశాక మిల్లులో మిగిలిన ఇసుకను 1950ల నుంచి 1966 దాకా అడిగినవాళ్ళకు ఇచ్చారు. మెత్తని ఇసుక, పునాదుల కింద పరచడానికి, పైపుల చుట్టూ నింపడానికి పనికొస్తుందని బళ్ళ మీద తీసుకుపోయారు. యురేనియం తీసేశారు కాబట్టి ప్రమాదం లేదనుకున్నారు. యురేనియం తీసినా రేడియం ఆ ఇసుకలోనే ఉంటుంది, రేడియం ఉన్నంతకాలం రేడాన్ వస్తూనే ఉంటుంది. ఇళ్ళు, బడులు, దుకాణాలు అన్నీ కలిపి నాలుగు వేలకు పైగా స్థలాలను తరువాత ప్రభుత్వం తవ్వి శుభ్రం చేయాల్సి వచ్చింది. ఆ పని 1990ల చివరి దాకా సాగింది. ఇసుక ఊరికే వచ్చింది, దాన్ని తీయడానికి అయిన ఖర్చు జనం పన్నుల్లోంచి పోయింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో మిల్లు నడవడం మొదలైంది. అక్కడి యురేనియం వేంపల్లె డోలోస్టోన్ అనే సున్నపురాతి జాతి రాతిలో ఉంది. లోకంలో చాలా అరుదు. అందుకే ఆమ్లంతో కాకుండా సోడాక్షారాలతో ఖనిజం కరిగించే పద్ధతి పెట్టారు. రాతిలో యురేనియం పాలు చాలా తక్కువ. టన్ను రాతిని పిండిచేస్తే అరకిలో కూడా రాదు. మిగిలినదంతా బురదగా పైపుల్లో పారి కొట్టాల దగ్గరి వ్యర్థాల చెరువులో చేరుతుంది. యురేనియం తీసేసినా ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం అర్ధాయువు 1,600 ఏళ్ళు. రేడియానికి తల్లి అయిన థోరియం రకం అర్ధాయువు 75 వేల ఏళ్ళు. గని ఆయుష్షు ముప్పై ఏళ్ళో నలభై ఏళ్ళో. ఆ చెరువు ఆయుష్షుకు మన లెక్కలు చాలవు.

ఆ చుట్టుపక్కల అరటి, చీనీ, వేరుశనగ పెట్టే రైతులు చెరువు అడుగున పరచాల్సిన పొర సరిగా లేదని, బోర్ల నీళ్ళు చెడిపోయాయని, తోటలు దెబ్బతిన్నాయని 2017-18 నుంచి మొరపెట్టుకుంటున్నారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసులు ఇచ్చింది, 2019లో నిపుణుల కమిటీ వేశారు. తమ వల్ల కాదని సంస్థ అంటూ వస్తోంది. ఆ వివాదంలో మన సంఘం రైతుల పక్షం. అయితే నీళ్ళ మీద జరిగినంత గొడవ, నీళ్ళ మీద జరిగినంత పరీక్ష, ఇళ్ళలో గాలి మీద జరగలేదు. నీళ్ళు రంగు మారితే కనపడతాయి. తోట ఎండితే ఫోటో తీయొచ్చు. రేడాన్‌కు ఫోటో లేదు. దానికి సాక్ష్యం కొలతే. ఆ కొలత ఎవరి చేతిలో ఉంటే సాక్ష్యం వాళ్ళ చేతిలో ఉన్నట్టు.

ఇక్కడ మనవాళ్ళతో కూడా ఒక మాట నిర్మొహమాటంగా అనాలి. గని ఊళ్ళలో ఒంటిమీద దద్దుర్లు, కీళ్ళ నొప్పులు, గర్భస్రావాలు, ఇలా ఏ బాధ వచ్చినా రేడాన్ అనో రేడియేషన్ అనో ఒకే గాటన కట్టేస్తున్నాం. రేడాన్ వల్ల వస్తుందని గట్టిగా రుజువైనది ఊపిరితిత్తుల కేన్సర్ ఒక్కటే. నీళ్ళలో యురేనియం ఎక్కువైతే ముందు దెబ్బతినేవి మూత్రపిండాలు. దద్దుర్లకు క్షారం, ఉప్పు ఎక్కువైన నీళ్ళు కారణం కావచ్చు, దాన్ని విడిగా పరీక్షించాలి. అన్నింటినీ కలిపి చెబితే, ఒకటి తప్పని చూపించి మొత్తం కొట్టిపారేయడం అవతలివాళ్ళకు తేలిక. ఏ నష్టానికి ఏ కారణమో విడదీసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.

అలాగే, కేరళ చవర తీరంలో నేల రేడియేషన్ ఎన్నో రెట్లు ఎక్కువున్నా అక్కడ కేన్సర్లు ఎక్కువ లేవని చెప్పేవాళ్ళుంటారు. కరునాగపల్లిలో డెబ్బై వేల మంది దాకా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం నిజమే, అందులో కేన్సర్లు పెరిగినట్టు కనపడని మాటా నిజమే. కాని ఆ తీరపు మోనజైట్ ఇసుకలో ఉన్నది ప్రధానంగా థోరియం. ఆ అధ్యయనం చూసింది ఒంటికి బయటనుంచి తగిలే గామా కిరణాల ప్రభావం. మనం అడిగేది మూసిన గదిలో ఊపిరితో లోపలికి పోయే రేడాన్ సంగతి. రెండూ ఒకటి కాదు.

గని లేని ఊళ్ళకు దీనితో పని లేదనుకోకూడదు. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు, ఇంకా నడవడం మొదలుపెట్టని అణువిద్యుత్ కేంద్రంలో పనికి వెళ్తూ గేటు దగ్గర రేడియేషన్ అలారం మోగించాడు. లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు మోగాల్సింది లోపలికి పోతుంటే మోగింది. వెతికితే కారణం ఆయన ఇల్లు. ఘనపు మీటరుకు దాదాపు లక్ష బెక్వెరెల్‌ల రేడాన్. గని లేదు, మిల్లు లేదు, ఇంటికింద రాయి అలాంటిది. పక్క ఇళ్ళలో అంత లేదు. ఊరి సగటు చూసి ఇంటి సంగతి చెప్పలేమనడానికి దీనికి మించిన ఉదాహరణ లేదు. తెలంగాణలో ఎక్కువ భాగం గ్రానైట్ నేల. గ్రానైట్‌లో యురేనియం పాలు మామూలు రాళ్ళకంటే సాధారణంగా ఎక్కువ. నల్గొండ జిల్లా యురేనియం ప్రాంతపు ఊళ్ళలో ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇళ్ళలో రేడాన్ కొలిచారు, పరిశోధనా పత్రాలు రాశారు. మంచి పని. ఆ పత్రాలన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. డబ్బా వేలాడదీయడానికి గోడ ఇచ్చిన ఇంటావిడకు తన ఇంటి అంకె తెలుగులో రాసిన చీటీగా అందాలన్నదే మా మాట. ఇంటి గాలి ఆ ఇంట్లోవాళ్ళది, దాని లెక్కా వాళ్ళదే.

కొలవడం బ్రహ్మవిద్య కాదు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఒక ఫిలిం ముక్క ఉంటుంది. ఆల్ఫా కణం తగిలినచోట దానిమీద గాటు పడుతుంది. పడకగదిలో గోడకు కాస్త దూరంగా మూడు నెలలు వేలాడదీసి, ప్రయోగశాలకు పంపితే గాట్లు లెక్కపెట్టి అంకె చెప్తారు. కరెంటు అక్కర్లేదు. ఇలాంటి డబ్బాలను మన భాభా అణు పరిశోధనా కేంద్రమే రూపొందించింది, దేశంలో చాలా విశ్వవిద్యాలయాలు వాడుతున్నాయి. ఒకరోజు వచ్చి మిషను పెట్టి అరగంటలో చూసి పోయే కొలతను నమ్మవద్దు. ఎండాకాలం మధ్యాహ్నం తలుపులు తీసి ఉన్నప్పుడు కొలిస్తే ఏ ఇల్లైనా బాగానే కనపడుతుంది. చలికాలం ఒకసారి, వేసవి ఒకసారి, రెండు కార్లు కొలవాలి.

అంకె ఎక్కువ వస్తే ఇల్లు వదిలి పోనక్కర్లేదు. మొదటి మందు గాలి. పడకగదికి ఎదురెదురు కిటికీలు, పైన వెంటిలేటరు, వంటింటి పొగ పోయే దారి. మట్టి గచ్చు, కొట్టం ఇల్లు అయితే మంచిదనుకోవడానికి లేదు. మట్టి గచ్చులోంచి నేలగాలి సులువుగా వస్తుంది, కిటికీ లేని గదిలో పేరుకుంటుంది. పెంకుటింట్లో పైన సందులుండేవి కాబట్టి కొంత పోయేది. స్లాబు వేసి, దొంగల భయంతోనో ఏసీ కోసమో అన్నీ బిగించేశాక ఆ దారి కూడా పోయింది. గచ్చు పగుళ్ళు సిమెంటుతో పూడ్చాలి. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు గచ్చు కింద అరడుగు కంకర పరిచి, దానిమీద మందపాటి ప్లాస్టిక్ పట్టా వేసి, కంకరలోంచి ఒక పీవీసీ పైపు గోడవెంట స్లాబు పైకి తీస్తే నేలగాలి ఇంట్లోకి రాకుండా ఆ పైపులోంచి పోతుంది. చాలకపోతే పైన చిన్న ఫ్యాను. బోరు ఒకటి వేసి ఎండిపోతే పోయే డబ్బుతో పోలిస్తే ఇది ఖర్చే కాదు. ఇందిరమ్మ ఇళ్ళయినా, ఇంకో పేరుతో ఆంధ్రలో కట్టే ఇళ్ళయినా, ప్రభుత్వం నమూనాలోనే ఈ పైపు చేర్చవచ్చు. గ్రానైట్ బండలు పరుచుకున్నవాళ్ళు వాటిని పెకలించుకోనక్కర్లేదు. ఇంట్లోకి వచ్చే రేడాన్‌లో ఎక్కువ భాగం ఇంటికింది నేలనుంచే.

బోరు నీళ్ళ సంగతి అడిగేవాళ్ళున్నారు. లోతు బోరు నీళ్ళలో, ముఖ్యంగా గ్రానైట్ పొరల్లో, రేడాన్ కరిగి ఉంటుంది. నీటిని కుదిపినా, వేడిచేసినా గాలిలోకి వదిలేస్తుంది. మూసిన స్నానాలగదిలో వదలడం కంటే మేడ మీద ట్యాంకులోకో తొట్టిలోకో ధారగా పడేటట్టు చేసి, కొంతసేపు నిలవ ఉంచి వాడుకుంటే చాలావరకు పోతుంది. యురేనియం అలా పోదు, దానికి నీటి పరీక్ష వేరే చేయించాలి. ఇంకొక చిన్న హెచ్చరిక. ఫాస్ఫేటు ఎరువుల కర్మాగారాల్లో మిగిలే జిప్సంలో ముడిరాయిని బట్టి రేడియం ఉంటుంది. అమెరికా ప్రభుత్వం దాన్ని కుప్పలుగా పెట్టించి, పరిమితి లోపల ఉన్నదాన్నే పొలాలకు వాడనిస్తోంది. వేరుశనగకు ఎకరాకు 200 కిలోలు వేసేవాళ్ళు పొలంలో వేసుకున్నదానికి భయపడనవసరం లేదు. మిగిలిన జిప్సంను ఇంటి గచ్చు కింద మెరకకు మాత్రం పోయవద్దు.

ఇవన్నీ ఇంటి స్థాయిలో మనం చేసుకోగలిగినవి. గని ఊళ్ళలో భారం ఇంటిమీద వేయకూడదు, గని నడిపేవాళ్ళమీద, వాళ్ళను నడిపే ప్రభుత్వం మీద ఉండాలి. తుమ్మలపల్లె గని, వ్యర్థాల చెరువు చుట్టూ ఉన్న ఊళ్ళలో ప్రతి ఇంటా, పోల్చి చూడటానికి దూరపు ఊళ్ళలో కొన్ని ఇళ్ళలో, రెండు కార్లూ రేడాన్ కొలవాలి. కొలిచేది గని సంస్థ జీతమిచ్చే ప్రయోగశాల కాకూడదు, విశ్వవిద్యాలయానికి అప్పగించాలి. ఇంటి అంకె ఇంటివాళ్ళకు తెలుగు చీటీలో, ఊరి పట్టిక గ్రామసభలో పెట్టాలి. 300 దాటిన ఇంటికి మరమ్మతు సంస్థ ఖర్చుతో జరగాలి. గని తవ్వినప్పుడు వచ్చిన రాయి గాని, ఇసుక గాని ఒక్క ట్రాక్టరు కూడా ఆవరణ దాటి రోడ్డుకో ఇంటికో పోకూడదు. పోయి ఉంటే ఎక్కడికి పోయిందో బయటపెట్టాలి. గనిలో దిగేవాళ్ళకు, ముఖ్యంగా కాంట్రాక్టు కూలీలకు, ఏడాదికి ఎంత తగిలిందో కాగితం చేతికివ్వాలి. గని వదిలిన పాతికేళ్ళకు రోగం బయటపడితే తాను అక్కడ పనిచేసినట్టు ఆ మనిషి దగ్గర రుజువంటూ ఉండాలి. పని మానేశాక కూడా ఛాతీ పరీక్షలు సంస్థే చేయించాలి.

ఇంకా తవ్వకం మొదలుకాని చోట్ల పని ఇంకా సులువు, ఇంకా తొందర. నల్లమలలో యురేనియం వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ అడవిలో అన్వేషణ బోర్లు వేస్తారని తెలిసి 2024 నవంబరులో ఊళ్ళు రోడ్డెక్కితే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వెనక్కి తగ్గినవాళ్ళు మళ్ళీ ముందుకు రారన్న హామీ ఎక్కడా రాసి లేదు, పైగా ఇప్పుడు సభ పెట్టాల్సిన అవసరమే లేదు. అందుకని లంబాపూర్, పెద్దగట్టు, నల్లమల అంచు ఊళ్ళు, కప్పట్రాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళు, ఇప్పుడే, గని రాకముందే, తమ ఇళ్ళ గాలి, బోర్ల నీళ్ళు కొలిపించి పెట్టుకోవాలి. ముందటి అంకె మన దగ్గర లేకపోతే, రేపు ఎంత పెరిగినా "ఇక్కడి నేలే అంత" అన్న జవాబు వస్తుంది. ముందటి అంకె ఉంటే ఆ జవాబు చెల్లదు.

ఈ సంచిక అందాక జరిగే మండల కమిటీ సమావేశాల్లో ఈ విషయం ఎజెండాలో పెట్టాలని శాఖలను కోరుతున్నాం. యురేనియం ప్రాంతాల్లోని గ్రామశాఖలు ఇంటింటి కొలత కావాలని గ్రామసభ తీర్మానం చేసి, పంచాయతీ ముద్రతో ఒక ప్రతి కలెక్టరుకు, ఒకటి కాలుష్య నియంత్రణ మండలికి పంపి, అందిన రసీదు జిల్లా కార్యాలయానికి చేర్చాలి. ఇంతకుముందు ఎప్పుడైనా ఎవరైనా వచ్చి మీ ఇంట్లో డబ్బా వేలాడదీసి, ఫలితం చెప్పకుండా పోయి ఉంటే, ఊరు, ఏడాది, డబ్బా తీసుకుపోయినవాళ్ళు చెప్పిన సంస్థ పేరు రాసి పంపండి. సమాచార హక్కు చట్టం కింద ఆ అంకెలు అడిగే పని జిల్లా కార్యాలయం చూసుకుంటుంది.